వీణలోకి వచ్చిన సన్యాసి

పాము కాటుకు ప్రాణం పోయిన వసంతసేన ఉద్యానవనంలో నేల మీద పడి ఉంటుంది. తల్లి గుండెలు బాదుకుంటూ వస్తుంది. ప్రియుడు రామిలకుడు వస్తాడు. అంతలో ఆమె కళ్లు తెరిచి లేచి కూర్చుంటుంది. రామిలకుడు ఆశగా చెయ్యి చాపితే వెనక్కి జరిగి, తనను ముట్టుకోవద్దని కసిరి, వైరాగ్యం బోధించడం మొదలుపెడుతుంది. దేహం ఆమెదే. లోపల మాట్లాడుతున్నవాడు సన్యాసి. ఆ తోటలోనే కూర్చుని శిష్యుడికి యోగం గురించి పాఠం చెబుతూ, వాడు ఎంతకీ నమ్మకపోతే చేసి చూపిద్దామని ఆమె దేహంలోకి ప్రవేశించాడు. కాసేపటికి యమదూత పరుగెత్తుకొస్తాడు. తీసుకుపోవలసింది ఈ వసంతసేనను కాదు, అదే పేరున్న ఇంకో ఆమెను. ప్రాణం తిరిగి పెట్టేద్దామంటే దేహం ఖాళీగా లేదు. పక్కన సన్యాసి దేహం ఖాళీగా కనబడితే అందులో పెట్టేస్తాడు. అక్కణ్ణుంచి కాషాయం కట్టిన దేహం ప్రియుణ్ణి పిలుస్తుంది, పట్టుచీర కట్టిన దేహం శాస్త్రం చెబుతుంది. మధ్యలో విషానికి మందిస్తానంటూ ఒక వైద్యుడు దిగబడతాడు.

ఇదీ 'భగవదజ్జుకం'. ఏడో శతాబ్దం నాటిదని చెప్పుకునే సంస్కృత ప్రహసనం. బోధాయనుడు రాశాడని ఒక మాట ఉంది. కంచికి దగ్గరలోని మామండూరు గుహ శాసనంలో పల్లవరాజు మహేంద్రవర్మ 'మత్తవిలాసం'తో పాటు దీని పేరు కూడా కనబడుతుంది కనుక ఇదీ ఆయనదేనని ఇంకో మాట. ఎవరిదైనా కానీ, నా లెక్కలో ఇది మా పక్క నాటకం. తిరుపతి నుంచి కంచికి వంద కిలోమీటర్ల పైచిలుకు. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటుకుంటూ పోతే పొద్దున బయల్దేరినవాళ్లం మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. పాతకాలపు లెక్కలో కంచీ, కాళహస్తీ ఒకే తొండమండలం. ఈ నాటకాన్ని 1920ల్లో పరిష్కరించి అచ్చుకెక్కించినవాళ్లలో ఒకరు వేటూరి ప్రభాకరశాస్త్రి. తర్వాతి కాలంలో ఆయన తిరుపతి చేరి, తిరుమల రాగిరేకుల మీది అన్నమయ్య పదాల కోసం పాటుపడి, 1950లో కన్నుమూశారు. నాట్యశాస్త్రాన్ని అభినవభారతి వ్యాఖ్యతో సహా లోకానికిచ్చిన మానవల్లి రామకృష్ణకవి 'భరతకోశం' అచ్చయింది కూడా ఈ ఊళ్లోనే, 1951లో, దేవస్థానం తరఫున. సంగీతానికీ నాటకానికీ సంబంధించిన పాత మాటలన్నీ గుదిగుచ్చిన ఆ పుస్తకం తిరుపతిలో పుట్టిందని ఈ ఊళ్లో ఎంతమందికి గుర్తుందో!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నాటకంలో నవ్వు పుట్టేది చెవిలో. ఒకరి గొంతులోంచి ఇంకొకరి పలుకు రావడమే ఇందులో హాస్యం. అందుకని దీన్ని వేషాలు కట్టే నటుల చేత కాకుండా, వాద్యాలు వాయించేవాళ్ల చేత ఆడించాలి. వాళ్లు పక్కన కూర్చుని సహకరించడం కాదు, వాళ్లే పాత్రలు కావాలి. వీణ వాయించే ఆమె వసంతసేన, తంబూరా మీటే ఆయన సన్యాసి. ఆ పనిలోనే ఉన్నాం, కొందరం.

ఈ ఆలోచన రావడానికి ఒక కారణం ఉంది. ఈ నాటకం ఆడుతుంటే చూసినప్పుడల్లా నాకు రెండో సగంలో మనసు చివుక్కుమంటుంది. వసంతసేన ప్రాణం సన్యాసి దేహంలోకి రాగానే ఆ నటుడు నడుము తిప్పడం, కొంగు లేకపోయినా సర్దుకోవడం మొదలుపెడతాడు. హాలంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు నాటకానిది కాదు, ఆడనడక నడిచే మగవాణ్ణి చూసి నవ్వే నవ్వు. అది నాటకం బయట వీధిలో కూడా దొరుకుతుంది, దానివల్ల నొచ్చుకునే మనుషులూ అక్కడే దొరుకుతారు. మా తిరుపతిలో ప్రతి మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, జడ వేసుకుని గుడికి నడుస్తారు. మీసం తీయకుండానే చీర కట్టినవాళ్లను చూశాను. పక్కన భార్య, పిల్లలు నడుస్తుంటారు. ఎవరూ నవ్వరు. వాకిట్లోకొచ్చి దండం పెట్టేవాళ్లు పెడతారు. ఆడదాని వేషంలో మగవాణ్ణి భక్తితో చూడడం తెలిసిన ఊళ్లో, అదే విషయాన్ని వేదిక మీద వెకిలి చేయడం నాకు మింగుడు పడదు. వాద్యాలకిస్తే ఆ ఇబ్బంది దానంతటదే తొలగిపోతుంది. తంబూరాకు నడుము తిప్పడం రాదు. అది చేయగలిగిందల్లా మోగడమే.

సన్యాసికి తంబూరాయే ఎందుకంటే, కచేరీలో అందరూ ఆనుకునేది దాన్ని, ఎవరూ వినిపించుకోనిది దాన్ని. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. నాలుగు తీగలు, ఒకే మాట. గురువు శిష్యుడికి చెప్పేదీ ఎప్పుడూ ఒకే మాట కదా. వసంతసేనకు వీణ. దేవగాంధారి రాగంలో విళంబంగా ఒక పదం వాయిస్తూ ఆమె రామిలకుడి కోసం ఎదురుచూస్తుంటుంది. మూలంలోనూ ఆమె తోటలో పాడుతుంది, శిష్యుడు శాండిల్యుడు పాఠం వదిలేసి ఆ పాట వైపు చెవులు రిక్కిస్తాడు. కనుక మేం పెద్దగా కల్పించింది లేదు.

దేవగాంధారే కావాలని పట్టుబట్టడానికి కారణం యమదూత పొరపాటు. ఆ పొరపాటును సంగీతంలోకి ఎలా తేవాలి? ఒకే పేరున్న ఇద్దరు వసంతసేనలు. ఒకే మెట్ల మీద ఎక్కి దిగే రెండు రాగాలు మనకున్నాయి, ఆరభి, దేవగాంధారి. ఆరోహణ అవరోహణలు కాగితం మీద రాస్తే రెండూ ఒకటే. పాడితే పొంతనే ఉండదు. ఆరభి చురుకు, స్వరాల మీద ఆగకుండా పోతుంది, గమకాలు తక్కువ. దేవగాంధారి నింపాదిగా కదులుతుంది, ఒక్కో స్వరాన్ని ఊపి ఊపి వదులుతుంది. యమదూత చేతిలో ఉన్నది కాగితం. ఆరభి వసంతసేనను తెమ్మంటే దేవగాంధారి వసంతసేనను పట్టుకుపోయాడు. యమలోకంలో ఆ ప్రాణాన్ని విప్పి చూసినప్పుడుగానీ గమకం తేడా బయటపడలేదు.

ఆ కాగితం చదివేది సూత్రధారుడు, అంటే హార్మోనియం. పద్యనాటకాలు ఎరిగిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రాయలసీమలో ఏ ఊళ్లో నాటకం జరిగినా హార్మోనిస్టు పెట్టె పెట్టుకుని వేదిక వారగా కూర్చుంటాడు. నటుడు రాగం ఎంతసేపు తీయాలో, పద్యం ఎక్కడ దించాలో ఆయన వేళ్లే నిర్ణయిస్తాయి. నాటకాన్ని నడిపేది ఆయనేనని చూసేవాళ్లకు తెలుసు, అయినా చప్పట్లు ఆయన దాకా చేరవు. ఆయన్ను నడిమధ్యకు తెచ్చి సూత్రధారుణ్ణి చేశాం. హార్మోనియం మెట్లు బిగించిన వాద్యం, స్వరాన్ని ఊపలేదు. ఆ కారణం చెప్పే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. ఆ లోపమే మా కథకు ఆయువుపట్టయింది. సూత్రధారుడు రెండు రాగాల స్వరాలూ వరసగా నొక్కుతాడు. రెండూ అచ్చంగా ఒకేలా వినబడతాయి. సంగీతం రానివాళ్లకూ ఆ క్షణంలో అర్థమవుతుంది, ఇక్కడ ఎవరో ఒకరు పొరబడతారని.

ఇక ప్రాణం తీసే ఘట్టం. యమదూత వీణ వెనకగా వచ్చి వంగి, సారణి తీగ బిరడను నెమ్మదిగా వదులు చేస్తాడు. అనుపల్లవి మధ్యలో స్వరం కిందికి జారుతుంది. ఆమె వాయిస్తూనే ఉంటుంది, తీగ పలకదు. ఇంకో మీటు. తీగ కర్రకు తగిలిన చప్పుడే మిగులుతుంది. ఆమె చేతులు ఆగిపోతాయి.

దీన్ని ఒక ఇంటి మిద్దె మీద చేసి చూసినప్పుడు మేమెవరం ఊహించనిది ఆ తర్వాత జరిగింది. సన్యాసి తన దేహం వదలాలి కనుక తంబూరా కూడా ఆగాలి. ఆగింది. అంతసేపూ అది మోగుతోందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. ఆగేసరికి అందరూ ఒక్కసారిగా తలెత్తారు, ఏదో పోయిందన్నట్టు. టీ గ్లాసులు తెచ్చిన పిల్లవాడు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. ఆ తర్వాత వీణ వాయించే ఆమె బిరడ తిప్పి తీగ సరిచేసుకుని, తంబూరా వరసలో ఊరికే విడితీగలు మీటడం మొదలుపెట్టింది. పంచమం, షడ్జం, షడ్జం, కింది షడ్జం. మళ్లీ పంచమం. రాగం లేదు, గమకం లేదు. వీణ విద్వాంసురాలి ఎడమచెయ్యి ఎప్పుడూ మెట్ల మీద ఉంటుంది. ఇప్పుడు దానికి పనిలేదు. ఆ చెయ్యి కాసేపు దండి మీద ఆనింది, కాసేపు గాల్లో ఆగింది, చివరికి ఒళ్లోకి వచ్చి అరచెయ్యి పైకి తిరిగి ధ్యానముద్రలా పడుకుంది. ఆవిడ కావాలని చేసింది కాదు. మిద్దె మీద ఉన్నవాళ్లందరం ఒకేసారి నవ్వాం. ఒక్క మాట మాట్లాడకుండా వీణలోకి సన్యాసి వచ్చాడు.

దానికి ఎదురు ఘట్టం ఇంతకంటే కష్టం, ఇంతకంటే అందం. వసంతసేన ప్రాణం తంబూరాలోకి వస్తుంది. దేవగాంధారి పాడాలన్న ఆరాటమంతా ఉంది, పాడడానికి మెట్లు లేవు. వేలితో తీగ నొక్కితే గొంతు మూసుకుపోతుంది. మంద్రం నుంచి పంచమానికి, పంచమం నుంచి సారణికి ఆత్రంగా మీటి చూస్తుంది. అదే నాలుగు మాటలు. తంబూరాలో తీగలు ఆనే బ్రిడ్జికి అవతల, తీగలకు చిన్న పూసలుంటాయి, శ్రుతి రవ్వంత సరిచేసుకోవడానికి. బ్రిడ్జి మీద తీగ కింద దారపుపోగు ఉంటుంది, దాన్ని జీవ అంటారు. అది సరిగ్గా కుదిరితేనే తంబూరాకు ఆ జుమ్మనే నాదం. మా తంబూరా ఆయన ఒక చేత్తో మీటుతూ ఇంకో చేత్తో పూసను కిందికీ పైకీ జరిపాడు. స్వరం సన్నగా వంగింది. అర గమకం కూడా కాదు, గమకం చేయాలన్న కోరిక. అక్కడ మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆ దేహంలో ఇరుక్కున్న ఆడమనిషి మీద జాలి వేసింది. నడుము తిప్పే నటుణ్ణి చూసినప్పుడు నాకు ఎన్నడూ ఆ జాలి కలగలేదు. వసంతసేన కూడా అన్యాయంగా చనిపోయిన మనిషేనని, ఎవరి పొరపాటుకో ఆమె బతుకు గందరగోళమైందని ఆ పూస కదిలినప్పుడే నాకు తట్టింది.

నాట్యశాస్త్రం స్వరానికి రెండు వీణలు చెబుతుంది, కొయ్యవీణ ఒకటి, మనిషి దేహమనే వీణ ఒకటి. పుస్తకంలో చదివి తలాడించి వదిలేసిన మాట అది. ఇప్పుడు పనికొస్తోంది.

పలక సంగతి చెప్పాలి. మా పక్క డప్పును పలక అంటారు. యమదూత పాత్ర అనగానే మాలో ఒకరు "ఇంకేముంది, పలక" అన్నారు. సులువైన జవాబే. చావుకు పలక, పెళ్లికి మేళం అని ఎప్పుడో పంచిపెట్టేశారు కదా. వాద్యాలతో పాటు వాయించేవాళ్లనూ పంచారు, ఊళ్లో వాళ్ల ఇళ్లు ఎక్కడుండాలో కూడా. ఆ పంపకాన్ని మా నాటకం మళ్లీ ఒకసారి ఖరారు చేయడం నాకిష్టం లేదు. అందుకని తిరగేశాం. మంగళవాద్యమైన నాదస్వరాన్ని యమదూతను చేశాం. పలకను శాండిల్యుడికిచ్చాం.

శాండిల్యుడు ఈ నాటకం మొత్తంలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు. ఆకలికి తట్టుకోలేక బౌద్ధుల్లో చేరాడు, అక్కడ ఒంటిపూట భోజనమని బయటికొచ్చాడు, ఇప్పుడు ఈ గురువు వెంట తిరుగుతున్నాడు. ఆత్మ అజరం అమరం అని గురువు చెబుతుంటే భిక్షకు ఎప్పుడు పోదామంటాడు. వాడు మొద్దు కాదు, వాడి ప్రశ్నల్లో పస ఉంది. పలక వాద్యానికి ఒక గుణం ఉంది. చల్లగాలికి చర్మం మెత్తబడుతుంది, గడ్డి మంట వేసి కాచుకోవాలి, లేకపోతే పలకదు. గురువు తంబూరా మీటుతూ ఆత్మతత్వం చెబుతుంటాడు, శాండిల్యుడు ఒక పక్క చిన్న మంట వేసి పలక కాచుకుంటూ ఉంటాడు, మధ్యమధ్య వేలితో తట్టి చూసుకుంటాడు. ఇంకా పలకడం లేదు. మళ్లీ మంట. అది పలికేది వసంతసేన పాట విన్నప్పుడే. రెండు పుల్లలతో సన్నగా, పాట కింద ఒదిగి వాయించిన ఆ దరువు విని నేను ఆశ్చర్యపోయాను. పలక అంటే దద్దరిల్లడమే అనుకునేవాళ్లు వచ్చి వినాలి. వాయించే అతనితో ఆ మాటే అంటే, "మాకు సావు దరువు వేరు, జాతర దరువు వేరు, పెండ్లి దరువు వేరన్నా. పలక మాత్రం ఒకటే" అన్నాడు.

నాదస్వరం పెద్దాయనను ఒప్పించడానికి సమయం పట్టింది. మంగళవాద్యంతో ప్రాణం తీయించడం ఏమిటని ఆయన అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. తిరుమల మాడవీధుల్లో వాహనం ముందు నడిచే వాద్యం అది. కథ మొత్తం చెప్పాక, తప్పు తెలిసి ప్రాణం వెనక్కి తెచ్చి ఇచ్చేదీ ఆ యమదూతే అన్నప్పుడు ఆయన మెత్తబడ్డారు. నేను మాత్రం ఆయనను పెళ్లిళ్లలో ఎన్నోసార్లు చూసి ఉన్నాను. ఆయన కల్యాణి ఎత్తుకుని ఆలాపనలో లోతుకు దిగుతుంటారు, పురోహితుడు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం" అంటాడు. రాగం ఎక్కడున్నా అక్కడే తెగిపోవాలి. డోలు దడదడమంటుంది. తలంబ్రాల ఫొటోలు తీసేవాళ్లు ఆయనకు అడ్డంగా నిలబడతారు. ఎన్ని వందల కల్యాణులు అలా సగంలో తెగిపోయాయో! మా నాటకంలో ఆయన తన వాక్యం పూర్తి చేస్తారు. ఊదుతూ మాట్లాడడం కుదరదు కనుక, మాట్లాడవలసి వచ్చినప్పుడు నోటి నుంచి నాదస్వరం తీసి, పీక తుడుచుకుని, వాద్యానికి వేలాడే ఇంకో పీకను చూసుకుని, అప్పుడు నోరు విప్పుతారు. యమలోకపు ఉద్యోగి తీరు ఆ ఆలస్యంలోనే వచ్చేస్తుంది. దానికి వేరే నటన అక్కర్లేదు.

వైద్యుడికి వాద్యం ఇవ్వలేదు. కొన్నకోల్ ఇచ్చాం. తకధిమి తకఝణు అని నోటితోనే లయ చెప్పే విద్య. వాతమో పిత్తమో తేల్చకుండా లెక్కలు మాత్రం ధారాళంగా చెబుతాడు. కొన్నకోల్‌ను నాటకంలోకి తేవాలనుకున్నప్పుడు నా మనసులో ఉన్నది చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లై గారి గురుపరంపర. 1954లో సంగీత కళానిధి అందుకున్న ఈ చిత్తూరు జిల్లా విద్వాంసుడు కంచి నాయనాపిళ్లై శిష్యుడు. నాయనాపిళ్లై కచేరీ అంటే ఫుల్ బెంచి అనేవారు. మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్, డోలక్, కొన్నకోల్, ఇంతమంది వేదిక మీద ఉండేవారు. పల్లవి పాడుతుంటే ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు విప్పడం, విప్పలేకపోతే పట్టుబడిపోవడం. అది కచేరీయే, కానీ అందులో పాత్రలున్నాయి, పోటీ ఉంది, నవ్వుంది. కంచికీ చిత్తూరుకూ మధ్య నాటకాన్నీ లయనూ విడదీయని చూపు ఒకటి ఉండేదని నా నమ్మకం.

వాద్యగాడు పాత్ర కావడం ఏదో కొత్త ప్రయోగమని కొందరు మిత్రులు మెచ్చుకుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. కూచిపూడి భామాకలాపంలో తాళం పట్టుకుని నాటకాన్ని నడిపే సూత్రధారుడే సత్యభామ చెలికత్తె మాధవి అవుతాడు. వేషం మార్చడు, తెర వెనక్కి పోడు. తాళం చేతిలో ఉండగానే సత్యభామతో వాదిస్తాడు, ఆమె మొగుడి పేరు ఆమె చేతే చెప్పించాలని చూస్తాడు, ఉత్తరం తీసుకుపోవడానికి ముక్కు నగ అడుగుతాడు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా నిలబడిన కాలంలో ఆ సంవాదం కోసమే రాత్రంతా కూర్చున్న జనం ఉన్నారు. మా చిత్తూరు పక్క ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరిరోజు దుర్యోధనుడి మట్టిబొమ్మ పడగొట్టడం. ఆ వీధినాటకంలో హాస్యగాడు మద్దెల ఆయనతో ముచ్చట పెట్టుకుంటాడు. మద్దెల ఆయన నోరు తెరవడు, చేత్తోనే జవాబు. జనానికి ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. కేరళ కూడియాట్టం వాళ్లయితే మిళావు అనే తమ వాద్యాన్ని బ్రహ్మచారిగా భావించి సంస్కారాలు చేస్తారు. భగవదజ్జుకాన్ని 1970ల్లో వాళ్లు మళ్లీ వేదికకు తెచ్చారు.

వాద్యకారుడే పాత్ర కావడాన్ని ఐరోపాలో ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా కనిపెట్టుకున్నారు. మౌరిసియో కాగెల్ అనే స్వరకర్త 1964లో 'మ్యాచ్' అని రాశాడు. ఇద్దరు సెల్లో వాద్యకారులు పోటీపడతారు, మధ్యలో తాళవాద్యగాడు అంపైర్. స్టాక్‌హౌజెన్ 1977లో మొదలుపెట్టి 2003 దాకా రాసిన 'లిష్ట్' అనే ఏడు సంగీతనాటకాల్లో ఒకే పాత్రను గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు పంచుకుంటారు. మిఖాయేల్‌కు ట్రంపెట్, లూసిఫర్‌కు ట్రాంబోన్. వాటిని తెలుసుకోవడం నాకు ధైర్యమిచ్చింది. కానీ చెప్పుకోవలసిన తేడా ఒకటుంది. వాళ్లు కచేరీ హాలులో గడ్డకట్టుకుపోయిన వాద్యకారుణ్ణి కదిలించాలని అవన్నీ చేశారు. మావాళ్లు ఏనాడూ గడ్డకట్టలేదు. మేం వాళ్లను చూడడం మానేశాం, అంతే.

పరకాయప్రవేశం ఈ ఊరికి కొత్త కాదని కూడా చెప్పాలనిపిస్తుంది. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన పదాలు రాగిరేకుల మీద తిరుమల గుడిలో ఒక చిన్న గదిలో ఉండిపోయి, 1922 ప్రాంతంలో బయటికొచ్చాయి. రేకు మీద పదం ఉంది, పైన రాగం పేరు ఉంది. ఎలా పాడాలో లేదు. దేహం దొరికింది, ప్రాణం దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వాటికి వరసలు కట్టారు. ఇవాళ తిరుపతిలో బస్టాండు నుంచి కొండదారి దాకా వినబడే అన్నమయ్యలో మాట పదిహేనో శతాబ్దానిది, స్వరం నిన్నమొన్నటిది. గరిమెళ్ల 2025 మార్చిలో ఇదే ఊళ్లో కన్నుమూసినప్పుడు, అన్నమయ్య గొంతు పోయిందన్నట్టే ఊరు బాధపడింది. ఐదువందల ఏళ్ల కింద పోయిన మనిషికి గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. మా నాటకం చూడడానికి ఇంతకన్నా తయారైన ప్రేక్షకులు నాకు ఎక్కడ దొరుకుతారు?

చిక్కులు లేవనను. మాట ఎంత ఉంచాలన్నది ఇంకా తేలలేదు. మాట మొత్తం తీసేస్తే కథ తెలియనివాళ్లు దారి తప్పుతారు, ఎక్కువ ఉంచితే వాద్యాలు మళ్లీ పక్కకు జరుగుతాయి. ప్రస్తుతానికి సూత్రధారుడికీ శాండిల్యుడికీ చిత్తూరు జిల్లా యాసలో మాటలున్నాయి, వీణకూ తంబూరాకూ ఒక్క మాటా లేదు. వసంతసేన తల్లి, చెలికత్తెల పాత్రలు ఏం చేయాలో తోచక ప్రస్తుతం వదిలేశాం. రామిలకుడిగా వయొలిన్ వాయించే కుర్రాడికి చెయ్యడానికి పని తక్కువ, దానికి అతను నొచ్చుకుంటున్నాడు. వీణ మైకు, పలక పక్కపక్కనే ఉంటే వీణ వినబడదు. శాండిల్యుడు వేసే మంట ఇంకో సమస్య, ఆడిటోరియంలో నిప్పు రాజేయనివ్వరు. మంట తీసేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మంట తీసేస్తే శాండిల్యుడు పోతాడు, ఆ మాట దగ్గర నేను కదలదలచుకోలేదు. అందుకే ఆరుబయట ఆడాలనుకుంటున్నాం, వేసవిలో.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది తంబూరా దగ్గర వచ్చింది. మీటడానికి మనిషి కావాలంటే ఊళ్లో దొరకడం కష్టమైంది. సంగీత కళాశాల ఉంది, నాదస్వర డోలు పాఠశాల ఉంది, వీణలున్నాయి, వయొలిన్లున్నాయి. తంబూరాలు మాత్రం గోడకానించి గుడ్డ కప్పి ఉన్నాయి. అందరి దగ్గరా శ్రుతిపెట్టె, అదీ కాదంటే ఫోన్లో యాప్. మొత్తానికి ఒకాయన దొరికారు. రిటైరైన లెక్కల మాస్టారు, చిన్నప్పుడు వాళ్ల గురువుగారి వెనక కూర్చుని ఏళ్ల తరబడి తంబూరా వేశారట. దారపుపోగు వేలికొసతో అటూ ఇటూ జరిపి నాదం విచ్చుకునే చోటు పట్టుకోవడం ఆయన చేతుల్లో చూశాను. ఆ పోగు ఎక్కడుందో చెవికి తెలుస్తుందిగానీ కంటికి తెలియదన్నారు. నాటకంలో ప్రధానపాత్ర మీదే సార్ అంటే ముందు నమ్మలేదు.

కరపత్రం రాయడం మొదలుపెట్టాం. మామూలుగా నటీనటుల పేర్లన్నీ అయ్యాక అట్టడుగున 'హార్మోనియం', 'తబలా' అని రెండు పేర్లు చిన్నక్షరాల్లో వేస్తారు. మాది ఇలా మొదలవుతుంది: సన్యాసి, తంబూరా. వసంతసేన, వీణ. శాండిల్యుడు, పలక. యమదూత, నాదస్వరం. ఎదురుగా వాళ్ల పేర్లు. పలక కొట్టే అతను తన పేరు పక్కన ఊరి పేరు కూడా వేయమన్నాడు. వేస్తున్నాం.